దోస్తానాకు కిరాయి ఎవరు కడుతున్నారు? - ‘ఈ నగరానికి ఏమైంది’ సినిమా గురించి

మన వైపు నుంచి సినిమా మీద రాసినవాళ్ళం ఇంతవరకూ ఎక్కువగా హీరోల మీదే రాశాం. ఫ్యాక్షన్ సినిమాల్లో తొడగొట్టే ఇంటిపేర్ల మీద రాశాం, రిజర్వేషన్‌ను వెక్కిరించే డైలాగుల మీద రాశాం. రాయాల్సిందే. కానీ కామెడీ సినిమాల్ని మాత్రం పోనీలే అని వదిలేస్తున్నాం. అందులో కులం ఎక్కడుంది, నలుగురు కుర్రాళ్ళు తాగుతారు, తిట్టుకుంటారు, నవ్విస్తారు, అంతేగదా అనుకుంటాం. నాకైతే మన కళ్ళు ఎక్కువగా కప్పేది ఇక్కడేననిపిస్తుంది. ఫ్యాక్షన్ సినిమాకు పోయినప్పుడు కాస్త బిగుసుకుని కూర్చుంటాం. కామెడీకి పోయినప్పుడు ఒళ్ళు వదిలేస్తాం. జోకు అర్థమై నవ్వామంటే దాని వెనకున్న లోకాన్ని కూడా అడక్కుండా ఒప్పుకున్నట్టే. ఏ లోకాన్ని ఒప్పుకుంటున్నామో చూసుకోవాలి గదా.

తరుణ్ భాస్కర్ రాసి తీసిన ‘ఈ నగరానికి ఏమైంది’ 2018 జూన్ 29న వచ్చింది. వివేక్, కార్తీక్, కౌశిక్, ఉప్పి - నలుగురు దోస్తులు. చదువుకునే రోజుల్లో షార్ట్ ఫిల్ములు తీయాలని కలలు కంటారు. వివేక్ దర్శకుడు. వాళ్ళ ఫిల్ములో నటించిన శిల్పను ప్రేమిస్తాడు, ఆమె వెళ్ళిపోతుంది, వివేక్ చేదెక్కి తాగుడులో పడతాడు. కొన్నేళ్ళకి కౌశిక్ డబ్బింగులు చెప్పుకుంటుంటాడు, ఉప్పి పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంటాడు, కార్తీక్ ఒక పబ్బులో మేనేజరు. కార్తీక్‌కు యజమాని ఇంటి పిల్లతో పెళ్ళి కుదురుతుంది, అమెరికా కల నిజమయ్యేలా ఉంటుంది. ఆ సంతోషంలో తాగితాగి నలుగురూ గోవాలో తేలతారు. పెళ్ళి తాలూకు విలువైన వస్తువొకటి పోతుంది. ఆ డబ్బు సంపాదించడానికి అక్కడి షార్ట్ ఫిల్ముల పోటీలో దిగుతారు. 2001 నాటి ‘దిల్ చాహ్‌తా హై’, 2009 నాటి హాలీవుడ్ సినిమా ‘ది హ్యాంగోవర్’ రెండూ చూసినవాళ్ళకి దారి తెలిసినట్టే ఉంటుంది. కానీ నవ్వు అరువు తెచ్చుకున్నది కాదు. నేను కూడా చాలాచోట్ల పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వలేదని చెప్పే విమర్శను నమ్మాల్సిన పని లేదు.

ఈ సినిమాకు ఇవ్వాల్సిన మర్యాద ముందు ఇద్దాం. తెలుగు సినిమాలో హీరో స్నేహితుడనేవాడు చాలాకాలం పేరుకే స్నేహితుడు. నిజానికి జీతం లేని పాలేరు. హీరో ప్రేమకు ఉత్తరాలు మొయ్యాలి, హీరో బదులు తన్నులు తినాలి, మధ్యమధ్య చెంపదెబ్బ తిని నవ్వించాలి. తొంభైల్లో కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ జంట గుర్తు చేసుకోండి. 1991లో వచ్చిన ‘మామగారు’ నుంచి మొదలై ఎన్ని సినిమాల్లో కోట తన్నాడో, బాబూమోహన్ ఎన్నిసార్లు ఎగిరిపడ్డాడో లెక్క లేదు. ఆ తన్నుకే హాలు దద్దరిల్లేది. ఆ బాబూమోహన్ తర్వాత అందోల్ ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి గెలిచి మంత్రి కూడా అయ్యాడు. వెండితెర మీద మాత్రం ఆయన ఒళ్ళు తన్నించుకోడానికే పనికొచ్చింది. ఇద్దరూ గొప్ప నటులే, కాదనను. తన్నేవాడెవడు, తన్నించుకునేవాడెవడు అన్నది మాత్రం ఎప్పుడూ మారలేదు.

తరుణ్ భాస్కర్ సినిమాలో ఈ తన్ను లేదు. నలుగురిలో ఎవడూ ఎవడికీ పాలేరు కాడు. తిట్లు అన్ని వైపుల నుంచీ అన్ని వైపులకీ పోతాయి. కౌశిక్ (అభినవ్ గోమటం) వేసే జోకులు వివేక్ (విశ్వక్ సేన్) గొప్పతనాన్ని పెంచడానికి కాదు, ఆ గొప్పతనం గాలి తీయడానికి. వివేక్ కోపాన్ని సినిమా హీరోయిజంగా అమ్ముకోదు, మిగతా ముగ్గురూ దాన్ని భరిస్తున్నారని చూపిస్తుంది. ఇది చిన్న మార్పు కాదు. భాష సంగతీ అంతే. తెలంగాణ యాసను రౌడీలకీ పనివాళ్ళకీ మాత్రమే అంటగట్టిన పరిశ్రమలో, పట్నం పిల్లలు ఇంట్లో మాట్లాడుకున్నట్టే తెర మీద మాట్లాడతారు. దానికి ముందు 2016లో ‘పెళ్ళిచూపులు’లోనూ ఈ దర్శకుడు అదే పని చేశాడు, దానికి మాటల విభాగంలో జాతీయ అవార్డు కూడా వచ్చింది. యాస తెర మీదికి వచ్చింది, సంతోషమే. ఆ యాస మాట్లాడే బస్తీలు రాలేదు.

ఇక్కడ ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. “సినిమాలో ఎవరి కులమూ చెప్పలేదు గదా. వాళ్ళు మనోళ్ళే అని ఎందుకనుకోకూడదు? నువ్వే పోయి వాళ్ళకి అగ్రకులం అంటగడుతున్నావు” అన్నాడు. వాదన బలమైందే, సమాధానం చెప్పాలి. మనుషుల కులం ఇంటిపేర్ల వల్ల మాత్రమే తెలియదు, వాళ్ళకి ఏమేం జరగదో చూసినా తెలుస్తుంది. ఈ కథ నడవడానికి కారణం ఒక పెళ్ళి. పబ్బులో జీతానికి పనిచేసే మేనేజరుకు యజమాని కుటుంబం తమ పిల్లనిస్తోంది. డబ్బులో ఎక్కువ తక్కువలున్నాయి, దాని మీద జోకులు కూడా ఉన్నాయి. కులం మాట మాత్రం రాదు. మన దేశంలో, మన జిల్లాల్లో, పెళ్ళి దగ్గర కులం మాట ఎప్పుడు రాదు? ముందే కలిసినప్పుడు రాదు. కులం అడగకుండా జరిగే పెళ్ళి కులం లేని పెళ్ళి కాదు, అడగాల్సిన అవసరం లేని పెళ్ళి. కార్తీక్ మనవాడే అయ్యుంటే కథలో పోయేది వస్తువు కాదు.

ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. ఆ సినిమా ఇంకా జనం నోళ్ళలో నానుతున్నప్పుడే, అదే 2018 సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ప్రణయ్‌ను ఆస్పత్రి ముందు గర్భవతి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. బళ్ళో చదువుకునే రోజుల నుంచి ఒకరినొకరు ఎరిగినవాళ్ళు వాళ్ళిద్దరూ. చంపించింది పిల్ల తండ్రేనని కేసు పెట్టారు, ఆయన తీర్పు రాకముందే 2020లో చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. హైదరాబాదుకూ మిర్యాలగూడకూ ఎంత దూరమని? కామెడీ సినిమాలో ఈ హత్య చూపించమని ఎవరూ అడగడం లేదు. యజమాని ఇంటి పిల్లతో పెళ్ళి అనే విషయాన్ని అంత తేలిగ్గా, అంత చల్లగా వాడుకోగలగడమే ఆ లోకం ఎవరిదో చెబుతోంది అంటున్నాను.

రెండోది ఓడిపోవడం సంగతి. సినిమా అంతా ఓడిపోయినవాళ్ళ గురించే అని చాలామంది మెచ్చుకున్నారు. నిజంగానే నలుగురూ అనుకున్నది సాధించలేదు. కానీ అన్నేళ్ళు ఓడిపోతూ బతకడానికి కూడా కొంత ఆస్తి కావాలి. వివేక్ తాగుడు ఒక మనస్సు విరిగిన కథ. ‘దేవదాసు’ నుంచి అంతే, పెద్దింటివాడు తాగితే అది విషాదం. మన వాడల్లో తాగితే అది అలవాటు, జబ్బు, పని ఎగ్గొట్టడం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించడానికి రోడ్డు మీదికొచ్చారంటే, 1993లో సారా నిషేధం తెచ్చేదాకా రాష్ట్రమంతా ఆడవాళ్ళు పట్టుబట్టారంటే, ఇంట్లో గిన్నెలు ఖాళీ అయ్యాయి కాబట్టి. అప్పుడు తాగినవాళ్ళ మనసులూ విరిగే ఉంటాయి, ఎవరూ పాట కట్టలేదు. గోవాకు పోయిన నలుగురి వెనక అలా గిన్నె పట్టుకుని ఎదురుచూసే అమ్మ ఎవరూ ఉన్నట్టనిపించదు. ఆడవాళ్ళ సంగతి చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. వదిలిపోయిన పిల్ల మీద కోపం, ఆ కోపం నుంచి మగవాణ్ణి కాపాడుకునే మగవాళ్ళు, అన్న లెక్కలో ఈ సినిమా పాతదే.

స్నేహం ఖర్చు లేనిది అన్న భ్రమ ఇలాంటి సినిమాలకు ప్రాణం. అది భ్రమ అని నాకెలా తెలుసో చెప్తాను. నేను పీజీ చదివేటప్పుడు హాస్టల్లో సీటు దొరకక నలుగురం కలిసి రూము వెతుక్కున్నాం. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే, పట్నంలో రూము ఎలా వెతకాలో చెప్పేవాళ్ళు లేరు. పోయిన ప్రతిచోటా ఇంటాయన మొదటి ప్రశ్న కిరాయి గురించి కాదు. “మీరేమోళ్ళు?” అని. నాలుగైదు ఇళ్ళు తిరిగాక మాలో ఒకడు - రెడ్ల పిల్లగాడు - ముందు తాను పోయి తన పేరు మీద మాట్లాడి రూము తీశాడు. మేం ముగ్గురం సాయంత్రం ట్రంకు పెట్టెలతో దిగాం. ఇంటాయన వాణ్ణి చూసి మమ్మల్నీ వాడి చుట్టాలే అనుకున్నాడు. మేం కాదనలేదు.

వాడు మంచి దోస్తు, ఇప్పటికీ అంటాను. నా పరీక్ష ఫీజు వాడు కట్టాడు, వాడికి టైఫాయిడ్ వస్తే వారం రోజులు మేం చూసుకున్నాం. కానీ వాళ్ళ అమ్మానాన్న ఊర్నించి వస్తున్నారంటే మేం ముగ్గురం పుస్తకాలు పట్టుకుని లైబ్రరీకి పోయేవాళ్ళం, చీకటి పడ్డాక వచ్చేవాళ్ళం. ఒకసారి వాళ్ళమ్మ చెప్పకుండా వచ్చేసింది. వాడు కంగారులో మా ముగ్గురికీ మూడు ఇంటిపేర్లు పెట్టి పరిచయం చేశాడు. ఆమె అన్నం కలిపి పెడుతూ మా ఊళ్ళు, మా చుట్టాలు అడుగుతోంది. మాలో ఒకడు తనకు పెట్టిన ఇంటిపేరు మర్చిపోయాడు. వాడు నీళ్ళు నమలడం, దోస్తు కింద నుంచి కాలితో తన్నడం, నేను దగ్గొచ్చినట్టు నటించడం - ఆమె పోయాక ఆ రాత్రంతా పడీపడీ నవ్వాం. నెలల తరబడి అదే జోకు. గోవా కథకన్నా అది పెద్ద కామెడీ, నిజం చెప్తున్నా. ఆమె పెట్టిన అన్నం కూడా బాగుంది, ఆమె మంచి మనిషే. తర్వాత ఎప్పుడో ఆ ఇంటిపేరు మర్చిపోయినవాడు ఆ జోకు వేస్తే నవ్వడం మానేశాడు. సీటు రాగానే ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా హాస్టల్‌కు పోయాడు. ఆ రూముకు కిరాయి నలుగురం సమానంగానే పంచుకున్నాం. ఇంటిపేర్ల కిరాయి మాత్రం ముగ్గురమే కట్టాం.

ఇది తెలియకుండా స్నేహం మీద సినిమా తీయొచ్చు, నవ్వించొచ్చు. కానీ ఆ నవ్వు సగం లోకాన్ని బయట నిలబెట్టి తలుపేసుకున్న నవ్వు.

షార్ట్ ఫిల్ముల కథనం కూడా ఇలాంటిదే. కెమెరా ఒకటి దొరికితే చాలు, టాలెంటు ఉంటే చాలు, ఎవడైనా దర్శకుడు కావొచ్చు అన్న ఆశ ఈ సినిమా ఇచ్చింది. మన పిల్లలు కూడా ఎంతోమంది ఆ ఆశతో ఫోన్లతో ఫిల్ములు తీస్తున్నారు, తీయాలి కూడా. తరుణ్ భాస్కర్ స్వయంగా షార్ట్ ఫిల్ముల నుంచి వచ్చినవాడే. అయితే బయట తిరిగే కుర్రాళ్ళ మీద తీసిన ఈ సినిమాను నిర్మించింది ఎవరంటే, 1964 నుంచీ నిలదొక్కుకున్న సురేష్ ప్రొడక్షన్స్. నలుగురు కొత్తవాళ్ళతో తీశారు, మెచ్చుకోదగ్గదే. కానీ ఆ ఇంటి గేటు దగ్గర నిలబడ్డ వాళ్ళందరికీ గేటు ఒకేలా తెరుచుకుంటుందా? సినిమాలో పోటీ ఉంది, బహుమతి ఉంది, గేటు లేదు.

ఇక పేరు. ‘ఈ నగరానికి ఏమైంది’ అన్నది హాళ్ళలో సినిమాకు ముందు వేసే పొగాకు వ్యతిరేక ప్రకటన నుంచి తీసుకున్నారు. ఆ మాట వినపడగానే హాలంతా నవ్వుతుంది, అందుకే పెట్టారు. పేరుగా తెలివైనదే. కానీ ఆ మాట నాకు వేరే చోటికి లాక్కుపోతుంది. సినిమాకు రెండున్నరేళ్ళ ముందు, 2016 జనవరిలో, ఇదే నగరంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ గదుల నుంచి బయటికి పంపించారు. వాళ్ళు పరుపులు, పుస్తకాలు, అంబేద్కర్ బొమ్మ పట్టుకుని బయటికొచ్చి, షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర టెంటు వేసుకుని, దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. చలికాలం రాత్రులు ఆరుబయట పడుకున్నారు. వాళ్ళలో ఒకడు రోహిత్ వేముల. జనవరి 17న అతను మనకు లేకుండా పోయాడు.

ఆ ఐదుగురూ కూడా దోస్తులే. వాళ్ళ వయసూ ఈ నలుగురి వయసూ అటూ ఇటే. ఆ టెంటులో వాళ్ళు జోకులు వేసుకోలేదని ఎవరైనా అనుకుంటే వాళ్ళకి మన హాస్టళ్ళు తెలియవు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో నీళ్ళపప్పులో పప్పు వెతికే జోకు నుంచి స్కాలర్‌షిప్పు ఎప్పుడొస్తుందో అన్న జోకు దాకా, మనం నవ్వినంత ఎవరు నవ్వారు? గెంటేయబడ్డ చోటుకు ‘వెలివాడ’ అని బోర్డు పెట్టడంలోనే ఎంత చేదు వెటకారం ఉంది చూడండి. దోస్తానా అంటే పక్క పంచుకోవడం, ఒకరి మీద పడ్డ వేటు ఐదుగురూ మోయడం. దాని మీద ఎవరూ కామెడీ తీయలేదు, తీయమని నేను అడగను కూడా. నగరానికి ఏమైందని అడిగిన సినిమా నగరంలో జరిగినదాని వైపు చూడలేదని మాత్రం రాసి పెడుతున్నాను. తర్వాత 2024లో వచ్చిన ‘కమిటీ కుర్రోళ్ళు’ రిజర్వేషన్ గొడవ దోస్తుల మధ్యకు ఎలా వచ్చిందో చెప్పబోయింది. కులం పేరు పలికినందుకు మెచ్చుకోవాలి, రాజీ చేసిన తీరు మీద పేచీ ఉంది. అది మళ్ళీ రాస్తాను.

2023 జూన్‌లో ‘ఈ నగరానికి ఏమైంది’ని హాళ్ళలో మళ్ళీ వేశారు. అప్పటికి అది కుర్రాళ్ళకు పండగ సినిమా అయిపోయింది. జనం ఎగబడ్డారు, డైలాగులు తెరకన్నా ముందే హాలు చెప్పేసింది, సీట్ల మీదికెక్కి ఆడారు. దోస్తుల సినిమాని దోస్తులతో చూడటం, ముందు సీటు మీద కాళ్ళు చాపుకుని చూడటం. ఆ కాళ్ళు చాపడం చూస్తే నాకు చుండూరు గుర్తొస్తుంది. 1991 జులైలో ఆ ఊరి సినిమాహాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ముందున్న రెడ్డి కుర్రాడికి పొరపాటున తగిలింది. దాని మీద గొడవ, గొడవ మీద సాంఘిక బహిష్కారం, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. సినిమాహాలు అందరికీ ఒకటే చీకటి అంటారు. ఆ చీకట్లో కూడా ఎవరి కాలు ఎవరికి తగిలిందో కనపడుతుంది.

2023లో మా డిపార్ట్‌మెంటు పిల్లలు పదకొండు మంది కలిసి పోయారు, నన్నూ లాక్కుపోయారు. అందరూ మన పిల్లలే. వాళ్ళూ అరిచారు, వాళ్ళూ సీట్లెక్కారు. వాళ్ళు నవ్వొద్దని నేనెవణ్ణి? రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని కథ మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటుంటే ఒక పిల్లగాడు అడిగాడు, “అన్నా, కార్తీక్ మనోడైతే?” అని.

“పది నిమిషాల్లో అయిపోద్ది సినిమా,” అన్నాడు ఇంకోడు. “ఓనరు మీరేమోళ్ళు అంటడు. వీడు చెప్తడు. శుభం కార్డు.”

“అబద్ధం చెప్తే?”

“ఏం చెప్తడు, సర్టిఫికెట్టు అడిగితే?”

“ఇంటిపేరు మార్చుకుంటే?”

“మరి పెళ్ళికి అమ్మ వస్తది గద రా. అమ్మకేం నేర్పుతవ్?”

అక్కడినుంచి కథ వాళ్ళు అల్లుకుంటూ పోయారు. పెళ్ళిలో కార్తీక్ వాళ్ళమ్మ నోరు తెరవకుండా ఉండటానికి ఆమెకు గొంతు పోయిందని చెప్పాలని ఒకడు, ఉప్పిని మేనమామ చేయాలని ఒకడు, పెళ్ళి వీడియోలో మన చుట్టాలందర్నీ ఉప్పితోనే కట్ చేయించాలని ఒకడు. ఒక్కో మాటకీ మెట్లు దద్దరిల్లేలా నవ్వారు. నేనూ నవ్వాను. గంటసేపు సాగింది. చివర్లో ఎవరో, “ఇంత చేసి పెళ్ళయినంక మిర్యాలగూడ అయితే?” అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. మెస్సు మూసేస్తున్నారని కింద నుంచి కేకేస్తే ప్లేట్లు తీసుకుని దిగారు.